ఊ కొట్టే కొండ

ఆదివారం ఆరాధన అయ్యాక స్వర్ణ ఇంటికి వెళ్ళదు. వెళ్ళి చేసేదేముంది? చీపురుపల్లి రైల్వే స్టేషను వెనక ఒక గది, ఒక మంచం, ఒక కంచం. మిగతా రోజులన్నీ విజయనగరంలో ఒక నర్సింగ్‌హోములో డ్యూటీ. పొద్దున్నే పాసింజరు ఎక్కి, చీకటిపడే వేళకి పాసింజరు దిగుతుంది. రోజంతా మాటలకేం కొదవ లేదు. "సిస్టర్, నొప్పి." "సిస్టర్, సెలైన్ అయిపోయింది." "సిస్టర్, మా ఆవిడ ఎప్పటికి లేస్తుంది, ఇంట్లో వంటకి ఇబ్బందిగా ఉంది." అందరి మాటలూ ఆమె వింటుంది. ఆమె మాట చెప్పుకునే వేళకి ఎదురుగా గోడ ఉంటుంది.

అందుకని ఆదివారం మధ్యాహ్నం డబ్బాలో అన్నమూ, ఎండుచేపల కూరా సర్దుకుని, ఆటో ఎక్కి ఊకొండకి వెళుతుంది.

ఊకొండ దూరానికి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని కూర్చున్న ముసలమ్మలా కనిపిస్తుంది. చుట్టుపక్కల కొండల మీద ముళ్ళపొదలైనా ఉంటాయి, దీని మీద అవీ లేవు. అంతా ఒకటే రాయి. తుప్పు రంగు, మీద వాననీళ్ళు కారిన నల్లటి చారలు. ఎండ వాలాక ఆ రాతిలో ఎర్రటి గింజలు దానిమ్మ వొలిచినట్టు మెరుస్తాయి. నేల అడుగున ఎప్పుడో ఉడికి, మడతలు పడి, పైకి తేలిన రాయట. సముద్రంలో మొదటి చేప పుట్టేనాటికే ఇది ముసలిదట. విశాఖపట్నం నుంచి వచ్చిన రాళ్ళ చదువు మాస్టారొకాయన పిల్లల్ని పోగేసి ఈ సంగతి చెబుతుంటే కొండ "ఊ" అంది. ఆయన కాస్త తడబడి, పిల్లల్ని బస్సు దగ్గరికి పంపేసి, ఒక్కడే ఉండిపోయి పొద్దుగూకేదాకా ఏదో చెప్పుకున్నాడు.

ఆ కొండ పని అంతే. ఊ కొడుతుంది. ప్రతిధ్వని కాదది. ప్రతిధ్వని మన మాటే మనకి తిప్పికొడుతుంది, పోట్లాటలో చేసే పని. ఇది వింటుంది. మాట ఆగినచోట, గుక్క తిప్పుకునేచోట, రాతి లోపలినుంచి మెల్లగా "ఊ" అంటుంది. అంతకుమించి ఇంకో ముక్క అనగా విన్నవాళ్ళు లేరు.

గుహలో కూర్చున్న జైనముని శిల్పాలకి ముక్కులు పోయాయి. మాటాడని మునులు కాబట్టి వాళ్ళ కాలంలో కొండకి పెద్దగా పనిపడి ఉండదు. తరవాత బౌద్ధులొచ్చి ఇటుకల స్తూపం కట్టారు. ఆ ఇటుకలు ఇప్పుడు కింద ఊళ్ళో అరుగుల్లోనూ, పశువుల శాలల్లోనూ క్షేమంగా ఉన్నాయి. వాళ్ళు పోయాక ఊకొండమ్మ వెలిసింది. తెల్లవాళ్ళ కాలంలో మిషను దొరసాని ఒకావిడ గొడుగేసుకుని ఎక్కి, తన ఇంగ్లీషులో చాలాసేపు చెప్పుకుని ఏడ్చి దిగిందట. కొండ ఇంగ్లీషుకీ ఊ కొట్టింది. అప్పటినుంచి బాప్టిస్టు సంఘం ఏటా ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారం సాయంత్రం అక్కడ కొండ ప్రార్థన పెడుతుంది. ఆ గొంతు ఎవరిదన్నది మాత్రం ఇప్పటికీ తేలలేదు. ఎవరికి వాళ్ళు తమదేనంటారు. ఆడగొంతు అన్న ఒక్క విషయంలో అన్ని మతాలూ ఒప్పుకుంటాయి. వినే పని కదా.

ఉత్తరం పక్క ఆ కొండకి భుజం లేదు. ఒకప్పుడు క్వారీ కంట్రాక్టరొకడు వచ్చాడు. పద్ధతి తెలిసినవాడే, చెప్పులు విప్పి దండం పెట్టి, "అమ్మా, కొట్టుకోమంటావా?" అని అడిగాడు. "ఊ" అంది కొండ. మందు పెట్టి పేల్చాడు. కొండే ఊ అన్నాక మనమెవరమని ఊరు ఊరుకుంది. రాయి అమ్ముడుపోవడం మానేశాక వాడే పోయాడు. భుజం మాత్రం మళ్ళీ రాలేదు.

కొండకింద దేముడమ్మ పాక ఉంది. కొబ్బరికాయలూ, కొవ్వొత్తులూ, గోలీసోడాలూ అమ్ముతుంది. హుద్‌హుద్ తుఫానుకి పాకతోపాటు వెనకున్న జీడిమామిడి తోటా పడిపోతే, ఆ పడిపోయిన మానులతోనే మళ్ళీ పాక వేసుకుంది.

"ఈ వారం ఏటి సెప్తావమ్మా కొండకి?" అని అడుగుతుంది ప్రతిసారీ.

"ఏటుంది పిన్నీ. టమాటాలు కుళ్ళినవి అంటగట్టాడు."

"ఆ మాట నాతో సెప్పొచ్చు గదే. నానూ ఊ కొడతాను."

"నువ్వు ఊ కొట్టవు. మధ్యలో నీ మోకాలి నొప్పి సెప్తావు."

దేముడమ్మ నవ్వుతుంది. అది నిజమే మరి.

స్వర్ణ కొండకి చెప్పేవన్నీ అలాంటివే. కుళ్ళిన టమాటాలు, రైలు ఆలస్యం, కొత్తగా చేరిన నర్సు ఎవరూ చూడకుండా ఏడవడం. పెద్ద సంగతులు చెప్పదు. చెప్పడం మొదలెడితే ఎక్కడ ఆగాలో తెలియదని భయం.

ఆ ఏడు మట్టల ఆదివారం నాడు సంగతే ఆమెని వెతుక్కుంటూ వచ్చింది.

పొద్దున ఆరాధనలో అందరూ ఈతమట్టలు పట్టుకుని నిలబడ్డారు. సంఘపెద్ద పాల్ గారు కళ్ళజోడు సర్దుకుని ప్రకటనలు చదివారు. పెళ్ళి ఒకటి, కొండ ప్రార్థనకి బయల్దేరే వేళ, ఆ తరవాత, "మన సహోదరి స్వర్ణమ్మ ప్రేమతో క్షమించి, భర్త కృపారావుని మళ్ళీ ఇంటికి తీసుకోవడానికి ఒప్పుకున్నాది. ఈ సాయంత్రం కొండమీద ప్రార్థన చేసి ఆయన్ని ఆమెకి అప్పగిస్తాం. ప్రభువుకి స్తోత్రం."

"ఆమెన్!" అంది సంఘం.

స్వర్ణ చేతిలోని మట్ట అలాగే గాలిలో ఉండిపోయింది.

కృపారావు ఆమెని వదిలేసి పదేళ్ళు దాటింది. రాయగడలో పనికని వెళ్ళి, అక్కడే ఇంకొకావిడతో కాపురం పెట్టాడు. కిందటేడు పక్షవాతం వచ్చి ఒక పక్క చచ్చుబడింది, మాట పడిపోయింది. ఆవిడ చాకిరీ చేసినన్నాళ్ళు చేసి, ఓపిక అయిపోయాక రైలెక్కించి వాళ్ళమ్మ ఏసమ్మ దగ్గరికి పంపేసింది. ఏసమ్మకి నడుమే వంగిపోయింది. ఇంక మిగిలిందెవరు? ఉద్యోగమే చాకిరీ అయిన పెళ్ళాం ఒకతి ఉంది కదా అని అందరికీ ఒకేసారి గుర్తొచ్చింది.

గుడి బయట, చెప్పులు వేసుకుంటున్న తమ్ముణ్ణి ఆమె పట్టుకుంది.

"ఒరే స్టాన్లీ, ఎవడ్రా ఒప్పుకున్నాడు?"

"నువ్వే గదక్కా! బుధవారం ఫోన్లో."

"నానెప్పుడొప్పుకున్నాను?"

"అదేటే! బావ సంగతి నాను మొత్తం సెప్పాను గదా. సెప్పినంతసేపూ నువ్వు ఊ, ఊ అన్నావు. 'మరి నీ దగ్గరికి తెచ్చీమంటావా?' అన్నాను. దానికీ ఊ అన్నావు."

స్వర్ణకి గుర్తొచ్చింది. బుధవారం ఒక పెద్దావిడ వీపు మీద పుళ్ళకి కట్టు మారుస్తోంది. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరుక్కుని ఉంది. తమ్ముడు గుక్క తిప్పుకున్న ప్రతిచోటా ఊ అంది. చిన్నప్పటినుంచీ అంతే, వాడు చెబుతాడు, ఆమె ఊ కొడుతుంది.

"ఊ కొట్టానురా. ఊ అననేదు."

"రెండూ ఒకటే గదేటి?"

"కాదు."

"ఇప్పుడిలగంటే ఎలాగక్కా? సంఘమంతా ఆమెన్ అనీసింది. అయినా నీకు అలవాటైన పనే గదా, రోజూ సేసిందే. ఒక్కదానివి పడుంటన్నావు. తోడుంటాది."

"తోడా?" అంది స్వర్ణ. "నానొక్కదాన్నే ఉంటన్నానని ఇన్నేళ్ళకి నీకిప్పుడు అగుపించిందేట్రా?"

స్టాన్లీ వంగి చెప్పు పట్టీ సర్దుకున్నాడు. పక్కనే స్కూటరు తీస్తున్న పాల్ గారు వినీవిననట్టు, "కొండమీద మాటాడుకుందాం లేమ్మా. అక్కడ పెద్దదాన్నే, ఆ కొండనే అడుగుదాం" అన్నారు.

సాయంత్రానికి అందరూ కొండ ఎక్కారు. కృపారావుని ఎక్కించలేక దేముడమ్మ పాక దగ్గర ఆటోలోనే ఉంచారు. ఏసమ్మ మాత్రం ఒకచోట కూర్చుంటూ, ఒకచోట పాకుతూ పైదాకా వచ్చింది. కొండ చెవిలా ఉండే గుండురాయి కింద అందరూ చాపలు పరుచుకున్నారు. పాటలు పాడారు, ప్రార్థన చేశారు. ప్రతి ఆమెన్‌కీ కొండ ఊ అంది.

అప్పుడు పాల్ గారు లేచి నిలబడి, రాతివైపు తిరిగి గట్టిగా అడిగారు. "స్వర్ణమ్మ తన భర్తని సేర్చుకోవాలి గదా?"

"ఊ" అంది కొండ.

జనంలో ఒక నిట్టూర్పు. "ఇంకేటి మరి. కొండ ఊ అన్నాదంటే అయిపోయినట్టే" అన్నారు పాల్ గారు.

స్వర్ణ లేచింది. "సేర్చుకోకూడదు గదా?" అని అడిగింది కొండని.

"ఊ."

"పాల్ గారే తీసుకెళ్ళి ఆరి ఇంట్లో ఉంచుకోవాలి గదా?"

"ఊ."

వెనకనెవరో ఆడవాళ్ళు కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు.

"కొండతో ఎటకారమేటమ్మా?" అన్నారు పాల్ గారు ఎర్రబడి.

"ఎటకారం కాదండి. అది వింటన్నాది, అంతే. మీరు సెప్పింది విన్నాది, నాను సెప్పింది విన్నాది. విన్నోళ్ళందరూ ఒప్పుకున్నట్టయితే ఆ పక్క భుజం పేల్చీమని అదే ఒప్పుకున్నాదేటి?"

అందరూ ఉత్తరం వైపు చూశారు, పుట్టి బుద్ధెరిగాక అటు మొదటిసారి చూస్తున్నట్టు.

ఆమె కూర్చుంది. అందరికీ వీపు పెట్టి, రాయికేసి తిరిగి కూర్చుంది. ఇన్నేళ్ళూ చెప్పకుండా దాటేసిన సంగతి ఆ పూట మొదలెట్టింది.

"పెళ్ళయిన కొత్తలో నానాయనకి అన్నీ సెప్పీదాన్ని," అంది. "ఆసుపత్రిలో ఎవరు పుట్టారో, ఎవరు పోయారో. ఆయన రేడియో పెద్దది సేసీవోడు."

"ఊ" అంది కొండ.

"అప్పుడు దూరంగా పై ఊళ్ళో ఉండీవోళ్ళం, పుట్టినాక సెప్దామని ఇక్కడెవరికీ సెప్పనేదు. నాకు నెలలు నిండాయి. ఆయన డ్యూటీకని ఎల్లాడు. నొప్పులొచ్చాయి. వోన. నానొక్కదాన్నే గొడుగేసుకుని నడిసెల్లాను, నాను పనిసేసీ ఆసుపత్రికే. నా తోటి నర్సులే కాన్పు సేసారు. ఆడగుంట. ఏడవనేదు."

"ఊ."

"తెల్లారి ఆయనొచ్చాడు. డ్యూటీ కాదట, ఏదో సినిమాకెల్లి ఉండిపోనాడట. 'పిల్ల ఏడవకపోతే పుట్టినట్టు కాదు, ఎవరికీ సెప్పకు, మా అమ్మకసలే సెప్పకు' అన్నాడు. అట్టపెట్టెలో పెట్టి ఎత్తుకెల్లాడు. ఎక్కడ పెట్టాడో ఇప్పటికీ నాకు తెల్దు. నాను దానికి పేరెట్టుకున్నాను. షీబా అని. ఆ పేరు పెట్టి ఇప్పటిదాకా ఎవర్నీ పిలవనేదు, పైకి అననేదు."

"ఊ."

ఆ ఊ కొండది కాదు. ఏసమ్మది. ముసలావిడ చాప మీద నుంచి జరిగి జరిగి స్వర్ణ పక్కకొచ్చింది. మనవరాలొకతి ఉండిందని ఆ సాయంత్రం దాకా ఆమెకి తెలియదు. కోడలు గొడ్రాలని ఊరంతా చెప్పింది తనే. ఇప్పుడేం అనాలో తెలియక, తెలిసిన ఒక్క మాటే అంది. కాసేపటికి వెనక చాపల మీదనుంచి కూడా, ఒక్కొక్క ఆడగొంతే, ఊ అనసాగింది. కొండ తన వంతు వచ్చినప్పుడు కలిసింది.

స్వర్ణ వెనక్కి తిరగలేదు. ఆయన రాయగడ వెళ్ళిపోయిన రోజు చెప్పింది. పండగలకి సంఘంలో ఎవరింట్లోనూ తనని బంతిలో కూర్చోపెట్టక, వడ్డనకి పిలవడం చెప్పింది. గదిలో జ్వరంతో పడుంటే తన చేతికి తానే సెలైన్ పెట్టుకున్న రోజు చెప్పింది. బుధవారం ఫోను చెప్పింది. పొద్దున గుడిలో ఆమెన్ చెప్పింది. కొండ ఎక్కడం చెప్పింది. చెప్పి ఆగిపోయింది. కథ ఇప్పటిదాకా వచ్చేసింది. ఇంక చెప్పడానికేమీ లేదు.

గాలి ఆగింది. ఊ వినిపించలేదు.

అప్పుడు కొండ అడిగింది. "ఆనక?"

ఎవరూ ఉలిక్కిపడలేదు. ఒక పిల్ల మాత్రం, "అమ్మా, కొండ ఆనకా అంటన్నాదే" అంది. తల్లి, "అడగదేటి మరి, కథ మధ్యలో ఆపెత్తే?" అని పిల్ల నోరు మూసింది.

స్వర్ణ తలెత్తి రాయిని చూసింది. ఆనక ఏమైందని ఆమెని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. ఆనక సంగతి ఎప్పుడూ ఇంకెవరో తేల్చేవారు. తేల్చాక ఆమె ఊ అనేది.

"ఆనక," అంది మెల్లగా, "స్వర్ణ అనీ ఆవిడ ఆయన్ని తీసుకెల్లనేదు."

"ఊ."

"ముసలావిడ మీదకీ తొయ్యనేదు. ఆవిడ నడుమెప్పుడో వొంగిపోయింది."

"ఊ."

"క్షమాపణ గురించి బాగా సెప్పీది సంఘంలో మగోళ్ళే గాబట్టి, ఆళ్ళే వంతులేసుకున్నారు. సోమారం స్టాన్లీ. మంగళారం పాల్ గారు. నీళ్ళోసారు, బట్టలు మార్సారు, దొడ్డికెల్తే కడిగారు."

"ఓలమ్మా!" అని పాల్ గారు సగం లేచారు. "నాకా? నాకా పని సేతకాదమ్మా!"

"ఆయనకి మొదట్లో సేతకానేదు," అంది స్వర్ణ, కొండతోనే. "ఆనక నేర్సుకున్నాడు."

"ఊ" అంది కొండ.

ఈసారి ఆడవాళ్ళు నోరు మూసుకోలేదు. పకపకా నవ్వారు. పాల్ గారు సాయం కోసం మగవాళ్ళ వైపు చూశారు. మగవాళ్ళు బూరుగుదూది ఎగురుతున్నట్టు ఆకాశంలోకి చూశారు. కొండ ఊ అంటే అయిపోయినట్టేనని ఇందాక పెద్దగా చెప్పింది తనేనన్నది ఆయనకి అప్పుడే తట్టింది. నెమ్మదిగా చాప మీద కూలబడ్డారు. తరవాత నిజంగానే నేర్చుకున్నారు. మొదటి మంగళవారం గుమ్మంలోకి పరిగెత్తి కక్కుకున్నారట గాని, రెండో మంగళవారానికి సబ్బు ఎవరిదన్నదానికి పేచీ పెట్టేదాకా వచ్చారు.

ఏసమ్మ స్వర్ణ చేతిని పట్టుకుంది. "పేరు మళ్ళీ సెప్పవే," అంది.

"షీబా."

"షీబా," అంది ముసలావిడ. నోట్లో వక్క తిప్పినట్టు ఆ పేరుని రెండు మూడుసార్లు తిప్పి, స్వర్ణ భుజమ్మీద తల పెట్టింది. స్వర్ణ ఆ తలని తొయ్యలేదు, నిమరనూ లేదు. కాసేపు మోసి, జాగ్రత్తగా పక్కామెకి అప్పగించి లేచింది.

దిగేటప్పుడు ఆమె వెంట ఎవరూ రాలేదు. నవ్విన ఆడవాళ్ళకి నవ్వడం దాకానే ధైర్యం. చాపలు మడవాలి, పిల్లల్ని లెక్కపెట్టుకోవాలి, మొగుళ్ళ మొహాలు చూసుకోవాలి. రాయి ఇంకా వేడిగా ఉంది.

కింద ఆటోలో కృపారావు ఒక పక్కకి ఒరిగి ఉన్నాడు. జుట్టు తెల్లబడింది. పెదవి చివర చొంగ. ఆమెని చూసి బాగున్న కంటితో ఏదో చెప్పబోయాడు. క్షమించమనో, నీళ్ళిమ్మనో. స్వర్ణ ఆగి చూసింది. తనలో ఏదైనా లేస్తుందేమోనని చూసింది. కోపం లేవలేదు, జాలి లేవలేదు. అతని చచ్చుబడిన చెయ్యి ఒంటి కింద ఇరుక్కుని నల్లబడుతుండటం మాత్రం కనిపించింది. వంగి, ఆ చెయ్యి పైకి తీసి ఒళ్ళో పెట్టి, తువ్వాలు మడిచి మోచేతి కింద పెట్టింది. మంచం మీద ఎవరున్నా అదే చేసేది.

స్టాన్లీ రొప్పుతూ దిగొచ్చాడు. సగం కోపం, సగం సిగ్గు. ఎదురుగా నిలబడ్డాడు గాని అక్క మొహం చూడలేదు.

"ఈ సెయ్యి ఎప్పుడూ కింద నలగనివ్వకు," అంది స్వర్ణ. "పడుకోపెట్టినప్పుడు కాసేపటికోసారి పక్క మార్సు. వీపు మీద ఎర్రగా అగుపిస్తే బేగి ఆసుపత్రికి తే. పొలమారుతాది గాబట్టి నీళ్ళు సెంచాతో పొయ్యి, గ్లాసుతో పొయ్యకు."

"ఊ," అన్నాడు స్టాన్లీ.

"ఊ అనకు. సరే అను."

స్టాన్లీ తలెత్తాడు. అక్క అంత దగ్గరగా, అంత పరాయిదానిలా ఎప్పుడూ కనిపించలేదు వాడికి.

"సరే," అన్నాడు.

దేముడమ్మ పాకలోంచి సోడా కొట్టి ఇవ్వబోయింది. స్వర్ణ వద్దని చెయ్యి ఊపి, కూలిన జీడిమామిడి మోళ్ళ మధ్య బాట పట్టుకుని రోడ్డు దాకా నడిచింది. బస్సు ఇంకా రాలేదు. ఎండిన పొలాల మీదుగా చీపురుపల్లి దీపాలు ఒకటొకటే వెలుగుతున్నాయి. చెప్పవలసిందంతా చెప్పేసిన నోరు ఖాళీగా, చల్లగా ఉంది. పక్కన ఎవరూ లేరు. ఆయన సంగతి చెప్పింది గాని, ఆనక తనకేం జరిగిందో ఆమెకి తెలియదు. ఇంకా చెప్పలేదు కదా.